అవివాహిత చేసిన అపరాధమేమి?

మలయ్ భాషలో భర్తను 'సువామి' అందురు. భార్యను 'ఇస్తెరి' అందురు. రెండును భారతదేశమునుండి సముద్రము దాటి పోయిన పదములే. స్వామి సువామి అయ్యెను. స్త్రీ ఇస్తెరి అయ్యెను. మొదటి పదమునకు కలిగిన మార్పు స్వల్పము: ఏలిక అను అర్థము ఇంటి యేలికకు పరిమితమైనది. రెండవ పదమునకు కలిగిన మార్పు స్వల్పము కాదు. సంస్కృతమున స్త్రీ అనగా ఊయలలోని ఆడుశిశువు మొదలు ఊతకఱ్ఱ పట్టిన అవ్వ వఱకు ఎవరైనను కావచ్చును. మలయ్ వాడుకలో ఆ మాట పెండ్లి అయిన దానికి మాత్రమే చెల్లును. జాతికంతటికి చెందవలసిన పేరు అందులో ఒక వర్గమునకు దఖలుపడినది. స్త్రీని సూచించుటకు ఆ భాషలో 'పెరెంపువాన్', 'వనిత' అను ఇతర పదములు లేకపోలేదు. ఒక్క మాటను పట్టుకొని ఒక జాతిని విచారణకు నిలబెట్టుట న్యాయమును కాదు. కాని నిఘంటువులో జరిగినదే నడివీధిలోను జరుగుచున్నప్పుడు ఆ మాటను సాక్ష్యముగ పిలుచుట తప్పు కాదు.

రెండవ సాక్ష్యము ఇంటి నుండియే వచ్చును. మలయ్ పల్లెలలో పూర్వము ఇండ్లను కొయ్య స్తంభములపై నేలకు ఎత్తుగ కట్టెడివారు. లోనికి పోవుటకు మెట్లు ఉండెడివి. ఇల్లును మెట్లును కలిపి 'రుమా తంగా' అందురు. ఆ జంటపదమే సంసారమను అర్థమున స్థిరపడినది. పెండ్లి చేసికొనుటను 'ఇల్లు మెట్లు నిలుపుకొనుట' అని చెప్పుదురు. ఇప్పుడు నలువదేండ్లు నిండిన ఒక ఉపాధ్యాయినిని ఊహించుకొనవచ్చును. ఆమె జీతముతో తండ్రి కట్టిన పాత ఇంటికి క్రొత్త కప్పు పడినది; తమ్ముని కళాశాల రుసుము చెల్లినది; మంచము పట్టిన తల్లికి రాత్రివేళ మందు పోయు చేయి ఆమెదే. అయినను ఆమె 'ఇంకను ఇల్లు మెట్లు నిలుపుకొనలేదు' అని ఊరు చెప్పును. నిలిచియున్న ఆ ఇల్లు ఎవరి వలన నిలిచినదో అడుగుటకు ఎవరికిని తోచదు.

ఆమెకు ఊరు పెట్టిన పేరు 'అనక్ దారా తువా'. అనగా ముదిసిన కన్య. పలుకుటకు దీర్ఘమని కాబోలు, దానిని కుదించి 'అందార్తు' అని చేసిరి. అంతటితో తృప్తి లేక, వయసు మీఱిన కన్య అను అర్థము గల మఱియొక పదబంధమునుండి ముక్కలు ఏఱి, 'అందలూసియా' అని పరిహాసముగ పలుకుదురు. స్పెయిను దేశమున శతాబ్దముల తరబడి వైద్యము, ఖగోళము, తత్త్వశాస్త్రము వర్ధిల్లిన ముస్లిం సీమ పేరది. ఆ పేరు చెవిని పడగానే గర్వింపవలసిన సమాజము దానిని పెండ్లికాని ఆడుదానిని చూచి నవ్వుటకు వాడుకొనుచున్నది.

పెండ్లికాని పురుషునికిని పేరు లేకపోలేదు. అతనిని 'బుజాంగ్' అందురు. వయసు మీఱినవానిని 'బుజాంగ్ తెర్లాజాక్', అనగా హద్దు దాటిపోయిన బ్రహ్మచారి అందురు. కాని ఆ పేరులో ముల్లు లేదు. 1957లో పి. రామ్లీ సింగపూరులో తీసిన 'బుజాంగ్ లాపొక్' అను చలనచిత్రము ముగ్గురు ముదురు బ్రహ్మచారుల కథ. ఒకే యింట అద్దెకుండి ప్రేమలో తడబడు ఆ ముగ్గురిని ప్రేక్షకులు ఎంత ఆదరించిరనగా, 1959లో ఒకటియు, 1961లో రెండును అదే వరుసలో చిత్రములు వెలువడెను. వానిని నేటికిని మలయ్ కుటుంబములు ఇంటిల్లిపాది కూర్చుండి చూచి ఆనందించును. ముదురు బ్రహ్మచారి పదిమందిని నవ్వించువాడు. ముదిసిన కన్యను చూచి పదిమంది నవ్వుదురు. ఒకే స్థితి పురుషునికి స్వభావముగను, స్త్రీకి లోపముగను లెక్కింపబడుచున్నది.

పేర్లకంటె కఠినమైనవి క్రియలు. పెండ్లి కుదరని పిల్లను గూర్చి 'తక్ లాకు' అందురు. సంతలో చెల్లక మిగిలిన సరుకును గూర్చి పలుకు మాటయే అది. వచ్చిన సంబంధమునకు వెంటనే తల యూపనిది 'జువల్ మహల్' చేయుచున్నదందురు. అనగా హెచ్చు వెలకు అమ్మజూచుచున్నదట. వెల హెచ్చు చెప్పినను తప్పే. వెల లేక మిగిలినను తప్పే. తాను అమ్మకపు వస్తువును కానని చెప్పుకొనుటకు ఆ అంగడి భాషలో వాక్యము లేదు. వరుని వైపువారు గుట్టుగ విచారించుటను 'మెరిసిక్' అనియు, పిదప వచ్చి పిల్లనడుగుటను 'మెమినాంగ్' అనియు వ్యవహరింతురు. ఈ రెండవ మాట పోకకాయను తెలుపు 'పినాంగ్' నుండి పుట్టినది. తాంబూలముతో సంబంధము కలుపుకొను మర్యాద తెలుగువారికి క్రొత్త కాదు. దానిలో దోషమును లేదు. తాంబూలము రాని గడపను కళంకమున్న గడపగ చూచుటలో దోషమున్నది.

అట్లయినచో ఆమెయే తనకు తగినవానిని చూచుకొని అడుగరాదా అని సందేహము కలుగవచ్చును. అడుగరాదు. దానికిని సామెత సిద్ధముగ ఉన్నది. 'బావి చేదను వెదకుకొనుచు పోయినది' అని ఆమెను ఎత్తిపొడిచెదరు. బావి కదలరాదు, చేద రాకపోయినచో బావి ఎండినదని చెప్పుదురు. ఇస్లామును ప్రాణముకంటె మిన్నగ చూచుకొను సమాజము ఈ సామెతను ఏ నోటితో పలుకుచున్నదో విచారింపదగినది. మక్కా నగరమున వర్తకము నడిపిన ఖదీజా, తన సరుకులతో ప్రయాణము చేసి వచ్చిన ముహమ్మదు నిజాయితీని మెచ్చి, తానే మధ్యవర్తి ద్వారా వివాహ ప్రస్తావము పంపినదని ప్రవక్త చరిత్రలు చెప్పుచున్నవి. 'విశ్వాసుల మాత' అని ముస్లిములు కొనియాడు ఆ పూజ్యురాలు ఈ సామెత ప్రకారము చేదను వెదకిన బావియే కావలెను. సామెత నిజమైనచో చరిత్రను దాచవలెను. చరిత్ర పూజ్యమైనచో సామెతను విడువవలెను. రెండింటిని ఒకే యింట ఉంచుకొనుట తగదు.

ఈ మాటలు వట్టి మాటలుగ మిగిలినచో వానిని గూర్చి ఇంత చెప్పనక్కఱలేదు. ఉపవాస మాసము ముగిసి పండుగ వచ్చును. బంధువులు ఇంటింటికి తిరిగి పెద్దల చేతులు పట్టుకొని క్షమాపణ కోరుదురు. ఏడాది పొడుగున తెలిసియు తెలియకయు చేసిన తప్పులను మన్నింపుమని ఒకరినొకరు వేడుకొందురు. ఆ పవిత్రమైన దినముననే, ఆ క్షమాపణ ముగిసిన క్షణముననే, మేనత్తయో పినతల్లియో ఆమెవైపు తిరిగి, "నేతియన్నము ఎప్పుడు పెట్టెదవు?" అని అడుగును. మలయ్ పెండ్లివిందులో వడ్డించు నేతియన్నము పేరు చెప్పిన చాలును, పెండ్లిని గూర్చి వేఱుగ అడుగనక్కఱలేదు. అడిగినవారు దానిని ఆప్యాయత అనుకొందురు. ఆ ప్రశ్నను తప్పించుకొనుటకు పండుగనాడు పట్టణమునందే పని కల్పించుకొని నిలిచిపోవు కుమార్తెలు ఉన్నారు. ఆమె రాలేదని తల్లి కంట తడి పెట్టును. ఎందులకు రాలేదో ఇంటనున్న వారందఱకు తెలియును.

ఇంకను ఉపచారములు కలవు. వంటయింట పాడిన పిల్లకు ముసలి మగడు వచ్చునని చిన్ననాటినుండియే బెదరింపు. వయసు ముప్పది దాటగనే పూలు, నిమ్మపండ్లు వేసిన నీటితో స్నానము చేయించి, మూసికొనిపోయిన కళను తెఱచునట్టి 'మందీ బూంగా' జరుపుదురు. వరుడు రాకపోవుటకు కారణము ఆమె శరీరమున కూర్చున్నదని ఈ చికిత్స అభిప్రాయము. మఱియొక ప్రక్క, జోడు దైవనిర్ణయమని, 'జోదో' ఇంకను రాలేదని అదే నోటితో చెప్పుదురు. దైవము నిర్ణయింపని దానికి మనుష్యురాలిని నిందించుట ఎట్టి భక్తియో తెలియదు.

ఈ దృష్టిని సమర్థించువారు మూడు ఆధారములను చూపుదురు: మతము, ఆచారము, కుటుంబ క్షేమము. మొదటిదానిని మొదట చూడవలెను. వివాహము ధర్మమున సగభాగమను వచనమును ఉదాహరింతురు. వివాహము ఇస్లాములో ఉత్తమమని చెప్పబడినమాట వాస్తవము. కాని మలయ్ ప్రజలు అనుసరించు షాఫీ ధర్మశాస్త్రము వివాహమును అందఱి నెత్తిన ఒకే విధముగ మోపలేదు. వ్యక్తి స్థితిని బట్టి అది విధి కావచ్చును, అభిలషణీయము కావచ్చును, కేవలము అనుమతము కావచ్చును, అనభిలషణీయము కావచ్చును, నిషిద్ధము కూడ కావచ్చునని ఐదు తెఱగులుగ విభజించినది. శాస్త్రకారులు ఐదు ద్వారములు తెఱచియుంచగా ఊరు నాలుగింటిని మూసివేసినది. ఆ శాస్త్రమును నిలబెట్టిన మహనీయులలో 1277లో మరణించిన ఇమాము నవవీ అగ్రగణ్యుడు. ఆయన సంకలించిన నలువది ప్రవక్తవచనముల గ్రంథము మలయ్ మతపాఠశాలలలో బాలురకు నేర్పబడుచున్నది. ఆయన జీవితాంతము అవివాహితుడు. బస్రా నగరపు యోగిని రాబియా పెండ్లి ప్రస్తావములను త్రోసిపుచ్చి భగవత్ప్రేమలో కాలము గడపినదని సూఫీ సంప్రదాయము ముక్తకంఠముగ చెప్పుచున్నది. నవవీని 'చెల్లని సరుకు' అని ఎవడును అనడు. రాబియాను 'అందార్తు' అని పిలుచుటకు ఎవనికిని నోరు రాదు. పూజ్యులైన మృతులకు చూపు మర్యాదలో పదియవ వంతు బ్రతికియున్న పొరుగింటి ఆడుదానికి చూపుట మతద్రోహము కాజాలదు.

ఇక ఆచారము. మలయ్ ఆచారమనునది ఒక్కటి కాదు. సుమత్రా ద్వీపపు మినంగ్‌కబౌ ప్రజలు వచ్చి స్థిరపడిన నెగెరి సెంబిలాన్ సీమలో 'ఆదత్ పెర్పతిః' అను మాతృవంశ ధర్మము చెల్లుచున్నది. అచట వంశపు భూమి తల్లినుండి కుమార్తెకు సంక్రమించును. పెండ్లి అయినచో భర్తయే భార్య యింటికి వచ్చి ఉండుట సంప్రదాయము. ఆంగ్ల ప్రభుత్వము 1909లో ఈ భూస్వామ్యమును చట్టపు పుస్తకమునకు ఎక్కించినది. ఆ సీమలో ఇల్లును మెట్లును మగనితో కూడ రావు. అవి పుట్టుకతోనే ఆమెవి. మెట్లెక్కి వచ్చువాడు వచ్చినను రాకున్నను మెట్లు ఉండును. ఇట్టి ధర్మమును కన్న జాతి, భర్త లేని స్త్రీ నిలువనీడ లేనిదని తలచుట తన ఆచారమును తానే మఱచుటయగును.

చరిత్ర ఇంకను వెనుకకు తీసికొనిపోవును. నేడు థాయిలాండు దక్షిణ భాగమున చేరియున్న పతానీ ఒకప్పుడు సంపన్నమైన మలయ్ రాజ్యము. 1584 మొదలు అర్ధశతాబ్దమునకు పైగ రాణులు వరుసగ దానిని పాలించిరి. ఆ రేవునకు తెలుగు తీరముతో సంబంధమున్నది. నిజాంపట్నము, మచిలీపట్నములలో వస్త్రములు కొనుటకు 1611లో లంగరు వేసిన 'గ్లోబు' అను ఆంగ్ల ఓడ మఱుసటి యేడు పతానీ చేరెను. దానిలోని వర్తకుడు పీటర్ ఫ్లోరిస్ తన దినచర్యలో అచటి రాణి రాజసమును ప్రశంసించెను. ఆమె ప్రక్కన సింహాసనమునకు వారసురాలైన చెల్లెలు ఉండెననియు, ఆమె నలువది దాటినను అవివాహితయే అనియు వ్రాసికొనెను. ఆ చెల్లెలే తరువాత రాజ్యమేలినది. పెండ్లికాని స్త్రీ చేతికి రాజ్యమునే అప్పగింప వెఱవని జాతి, ఆమె చేతికి ఒక అద్దె యింటి తాళపుచెవి ఇచ్చుటకు నేడు వెనుకాడుచున్నది.

'సెజారా మెలాయు' అను ప్రసిద్ధ చరిత్ర గ్రంథమున లెడాంగ్ పర్వతపు రాకుమారి కథ ఉన్నది. మలక్కా సుల్తాను మహమూదు ఆమెను కోరి రాయబారులను పంపెను. ఆమె కాదని చెప్పలేదు; షరతులు చెప్పి పంపినది. కొండవఱకు బంగారు వంతెన ఒకటి, వెండి వంతెన ఒకటి. దోమల గుండెకాయలు ఏడు పళ్ళెములు. కన్నీరు ఒక తొట్టి. తుదకు సుల్తాను రక్తము ఒక గిన్నె, అతని కుమారుని రక్తము ఒక గిన్నె. తక్కినవన్నియు చేయవచ్చును గాని కొడుకు రక్తము తీయలేనని సుల్తాను విరమించెను. రాజును ఎదిరించి కాదనుటకు వీలులేని చోట ఒక స్త్రీ తన నిరాకరణమును ఎట్లు పలుకగలదో ఈ కథ చెప్పును. ఆమెను మలయ్ జాతి తరతరములుగ తలచుకొనుచున్నది. నాటకములలో, చలనచిత్రములలో నిలుపుకొన్నది. కొండమీదనున్న రాకుమారి వెల హెచ్చు చెప్పినచో అది మహిమ. క్రింద పల్లెలోని గుమాస్తా కుమార్తె ఒక సంబంధమునకు ఆలోచించి చెప్పెదననినచో అది పొగరు.

మూడవ ఆధారము కుటుంబ క్షేమము. వివాహము పవిత్రము గనుక, దానిని కాదన్న స్త్రీని సమాజము సహింపలేదందురు. ఈ వాదమునకు ప్రత్యుత్తరము మలయ్ సమాజపు లెక్కలలోనే ఉన్నది. 1950 ప్రాంతమున మలయాలో నమోదైన ముస్లిం వివాహముల సంఖ్యలో సుమారు సగమునకు సమానమైన సంఖ్యలో విడాకులు నమోదగుచుండెను. కెలంతాన్, ట్రెంగానూ సీమలలో అంతకంటెను ఎక్కువ. ప్రపంచమున అత్యధికముగ విడాకులు జరుగు సమాజములలో అది యొకటి. సింగపూరు మలయ్ కుటుంబములను పరిశీలించి జూడిత్ జమూర్ 1959లో ప్రకటించిన గ్రంథము ఈ స్థితినే వర్ణించినది. సింగపూరులో 1957 నాటి శాసనము, 1958లో ఏర్పడిన షరియా న్యాయస్థానము విడాకులకు కళ్ళెము వేసెను; మలయాలోను క్రమముగ అవి తగ్గెను. ఆ నాళ్ళలో విడాకులు పొందిన స్త్రీని, 'జందా'ను, ఎవరును వెలివేయలేదు. ఆమె పుట్టింటికి వచ్చి, కొంతకాలమునకు మఱియొక వివాహము చేసికొనెడిది. జందాకు నిందలు లేకపోలేదు. ఆమెను అనుమానముతో చూచు కన్నులు నాడును ఉండెను, నేడును ఉన్నవి. అయినను ఆమె పెద్దదిగ లెక్కింపబడెను. స్త్రీల సభలో ఆమె మాటకు చోటు ఉండెను. పెండ్లి చెడినది క్షమింపబడినది. పెండ్లి జరుగనిది క్షమింపబడలేదు.

దీని అర్థము స్పష్టము. ఆ సమాజము కాపాడినది వివాహపు పవిత్రతను కాదు. పవిత్రమైనది అంత సులభముగ తెగదు. కాపాడినది ఒక ద్వారమును మాత్రమే. ఆ ద్వారము గుండ ఒకమాఱు నడిచి బయటికి వచ్చినను చాలును, ఆడుపిల్ల మనిషి అగును. నడువనిది నలువదేండ్లకును పిల్లయే. ఇట్లు స్త్రీకి పెద్దతనమును ప్రసాదించు అధికారము ఆమె చదువులో గాని, పనిలో గాని, శీలములో గాని లేదు. ఒక పురుషుడు వచ్చి అడుగుటలో మాత్రమే ఉన్నది. అవివాహితను గూర్చిన పరిహాసమంతటికి మూలము ఇచటనే ఉన్నది.

శాసనము సయితము ఈ పిల్లతనమును పూర్తిగ తొలగింపలేదు. కౌలాలంపూరునకు వర్తించు 1984 నాటి ఇస్లామిక కుటుంబ చట్టము వధువు సమ్మతిని తప్పనిసరి చేసినది. ఇది మెచ్చదగిన విషయము. దానితోపాటు ఆమె 'వలీ' అనగా సంరక్షకుని అనుమతియు ఉండవలెను. అతడు అన్యాయముగ నిరాకరించినచో న్యాయాధికారి అనుమతింపవచ్చును. తండ్రియు తాతయు లేనిచో ఆ అధికారము సోదరునికి వచ్చును. రుసుము కట్టి తాను చదివించిన తమ్ముడే ఏబదియేండ్ల అక్కకు సంరక్షకుడు కావచ్చును! మఱియొక చట్టము, 1997 నాటిది, పరాయి స్త్రీపురుషులు అనుమానమునకు తావిచ్చు ఏకాంతమున ఉండుటను నేరముగ చేసి, మూడువేల రింగిట్ల వఱకు జరిమానా గాని, రెండేండ్ల వఱకు చెఱసాల గాని, రెండును గాని విధించుచున్నది. చట్టము ఇరువురకు సమానమే. కాని ఇరుగుపొరుగు కన్ను ఇద్దఱి గుమ్మములను సమానముగ కాచుట లేదు. ఒంటరి పురుషుని గదికి మిత్రుడు వచ్చినచో మిత్రుడు వచ్చెననియే చెప్పుదురు. ఒంటరి స్త్రీ యింటికి కుళాయి బాగుచేయువాడు వచ్చినను తలుపు తెఱచియున్నదా అని చూచెదరు.

ఈ స్త్రీ ఎచటినుండి వచ్చినది? ఆమె ఆకాశమునుండి ఊడిపడలేదు. సమాజమే ఆమెను పిలిచినది. 1935లో మలక్కాలో మలయ్ ఉపాధ్యాయినుల శిక్షణ కళాశాల ఏర్పడినప్పుడు తమ బిడ్డలకు చదువు చెప్పుటకు ఆమె కావలసివచ్చెను. 1972లో పెనాంగులోని బయాన్ లెపాస్ ప్రాంతమున ఎగుమతి కర్మాగారములు వెలసినప్పుడు వేలకొలది పల్లె కన్యలను రమ్మని పిలిచిరి. సన్నని తీగలు అతుకుటకు వారి వ్రేళ్ళు, తక్కువ కూలికి వారి ఓర్పు కావలసివచ్చెను. వారు పంపిన డబ్బుతో పల్లెలలో ఇండ్లు బాగుపడెను, తమ్ముళ్ళు చదువుకొనిరి. ప్రతిఫలముగ వారికి 'మీనా కరాన్', అనగా కరెంటు మీనా, అను ఎగతాళి పేరు లభించెను. సెలంగోరు తీరమున ఇట్టి కన్యలను గూర్చి పరిశోధించి ఐహ్వా ఓంగ్ 1987లో ప్రకటించిన గ్రంథము, కర్మాగారములలో వారికి పూనకములు వచ్చుటను వర్ణించినది. పగలు యంత్రమునకును రాత్రి అపవాదునకును తల వంచిన ఆ పిల్లలు పూనకమున మాత్రము బిగ్గరగ అఱచిరి. పూనకమునకు మంత్రగానిని పిలిచిరి. కూలిని గూర్చియు గౌరవమును గూర్చియు వారిని అడిగినవారు కొలదిమందియే.

చదువే వీరిని చెఱచినదని చెప్పువారు కొందఱు ఉన్నారు. 1947 ప్రాంతమున మలయ్ బాలికల వివాహ వయస్సు సగటున పదునేడేండ్లకు అటునిటుగ ఉండెను. 2010 జనాభా లెక్కల ప్రకారము మలేషియాలో అన్ని జాతుల స్త్రీలు తొలి వివాహము చేసికొను సగటు వయస్సు 25.7 ఏండ్లు; పురుషులది 28.0. ఆలస్యము ఇరువురిదియు, నింద ఒకరిది. విశ్వవిద్యాలయములలో ఆడుపిల్లల సంఖ్య మగపిల్లలను మించిన దినమున తండ్రులు గర్వించిరి. ఆ పిల్లలే తమకు సమానమైన వానిని కోరిన దినమున 'ఏఱుకొనుచున్నది' అని నిందించిరి. ఏఱుకొనుట నేర్పనిచో చదువు నేర్పినదేమి? బియ్యములో రాళ్ళు ఏఱుమని ఆడుపిల్లకు పసితనమునుండి నేర్పెదరు; బ్రతుకులో మాత్రము ఏఱక మ్రింగుమని శాసించెదరు.

వృద్ధాప్యమున ఆమెకు దిక్కెవరు అను ప్రశ్న మిగిలినది. ఇది హృదయమున్న ప్రశ్న. దీనికి పరిహాసముతో ఉత్తరమీయరాదు. ఒంటరితనము నిజమైన బాధయే. కాని ఆ బాధకు మందుగ చూపబడుచున్నదేమి? వేదికలపై కొందఱు పెద్దలు మాటిమాటికి చెప్పు పరిహారము ఒకటి ఉన్నది: ఇదివఱకే భార్య ఉన్నవానికి ఆమెను రెండవ భార్యగ ఇచ్చుట. ఒక స్త్రీ ఒంటరితనమును తీర్చుటకు మఱియొక స్త్రీని ఒంటరిని చేయు చికిత్స ఇది. పైగ, ముసలితనమున దిక్కు లేకపోవునని భయపెట్టువారు చుట్టును చూడవలెను. ముదిసిన తల్లిదండ్రులను నేడు ఎవరు చూచుచున్నారు? అన్నదమ్ములు తమ సంసారములతో దూరపు పట్టణములకు పోగా, "నీకేమి, నీకు మగడా పిల్లలా" అని ఆ భారమును ఎవరి భుజముపై పెట్టిపోయిరి? దిక్కు లేనిదని జాలిపడబడు స్త్రీయే ఇంటికి దిక్కు. రేపు ఆమెకు దిక్కు ఉండవలెనన్నచో చేయవలసినది ఆమెకు మగని వెదకుట కాదు. ఆమె పెంచిన తమ్ముడు, ఆమె చదివించిన మేనకోడలు ఆమె ఋణమును గుర్తుంచుకొనుట.

సాహిత్యమునకును ఇందు బాధ్యత ఉన్నది. సయ్యద్ షేక్ అల్-హాదీ 1925-26లో ప్రకటించిన 'ఫరీదా హానొం' ఆధునిక మలయ్ నవలకు తొలి మెట్లలో ఒకటి. ఈజిప్టు దేశమును రంగముగ చేసికొని, స్త్రీకి చదువు కావలెనని అది ధైర్యముగ వాదించెను. ఆనాటి ఛాందసులు దానిని సహింపలేదు. అయినను ఆ నవల కూడ నాయికను ప్రియునితో పెండ్లి అను రేవుననే దింపినది. మొదటి నవల అట్లు చేసినందులకు దానిని తప్పుపట్టుట అన్యాయము. అది తన కాలమున చేయగలిగినది చేసెను. కాని వంద సంవత్సరములు గడచినవి. పెండ్లి కాని స్త్రీని కథలో విషాదమునకో హాస్యమునకో మాత్రమే తెచ్చు అలవాటును రచయితలు ఇకనైనను విడువవలెను. ఉదయమున లేచి పనికి పోయి, సాయంకాలము వచ్చి, తన ఇంట తనకు నచ్చిన కూర వండుకొని, స్నేహితురాలితో నవ్వుకొని నిద్రించు స్త్రీకి కథ లేదనుకొనుట రచయిత దారిద్ర్యము. ఆమె జీవిత దారిద్ర్యము కాదు.

ఇంత చెప్పుట అవివాహమును కీర్తించుటకు కాదు. పోకకాయను రెండుగ చీల్చినట్లు ఒకరికొకరు సరిపోయిన దంపతులను మలయ్ సామెత మెచ్చుకొనును. అట్టి దంపతులు వర్ధిల్లవలసినదే. పెండ్లి కోరి, అది కుదరక దుఃఖించు స్త్రీయు ఉన్నది. పెండ్లి కోరక తృప్తిగ ఉన్న స్త్రీయు ఉన్నది. మొదటి ఆమె దుఃఖమును పరిహాసము పెంచును. రెండవ ఆమె తృప్తిని జాలి అవమానించును. ఇరువురును అడుగునది ఒక్కటే: తమ బ్రతుకును ఇంకను మొదలుకాని బ్రతుకుగ లెక్కింపవద్దని. పండుగనాడు క్షమాపణ కోరుకొను చేతులు ఆ క్షమాపణలో ఈ తప్పును కూడ చేర్చుకొనవచ్చును. నేతియన్నము ఎప్పుడని అడుగుటకు మాఱుగ, ఆమె ఆ దినమున తన చేతితో వండి వడ్డించిన అన్నమును రుచి చూచి, బాగున్నదని చెప్పవచ్చును.

ఆమెకు ఇల్లును ఉన్నది, మెట్లును ఉన్నవి. ఊరు ఎక్కి వచ్చుటకు ఆ మెట్లు అడ్డము కాలేదు. ఎక్కి వచ్చి ఆమెను ఏమని పిలుచునో అదియే ఇంకను తేలవలసియున్నది.